పిట్టకు చెప్పని చోటు

కిదావా అవ్వ ఏ బిడ్డను చూసినా ముందు ఆకాశం వైపు చూస్తుంది. తర్వాత చెయ్యి తిప్పి, వేళ్ల వెనకవైపు బిడ్డ మెడకు ఆనిస్తుంది. ముద్దుచేసేది ఆ పైనే. పెళ్ళింట్లోనైనా అంతే, పడవల రేవులోనైనా అంతే. తల్లులు ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆమె "చల్లగానే ఉంది" అన్నాక నవ్వుతారు.

నది సముద్రంలో కలిసే ఆ బురద దీవుల్లో పసిబిడ్డలకు వచ్చే ఒక జబ్బును ఎవరూ పేరు పెట్టి పిలవరు. పిట్ట అంటారు. చాలా ఎత్తున ఎగిరే పిట్ట నీడ బిడ్డ మీద పడుతుంది. ఒళ్ళు కాలుతుంది. కళ్ళు తేలిపోతాయి. కాళ్ళూ చేతులూ రెక్కల్లా కొట్టుకుంటాయి. అప్పుడు తల్లి ఏడవకూడదు. బిడ్డ మీద నల్లగుడ్డ కప్పి, నోరు మెదపకుండా కిదావా అవ్వ దగ్గరికి తేవాలి. ఆమె పొగ వేస్తుంది. ఆకులు నానిన నీళ్ళతో కడుగుతుంది. పిట్టకు వెళ్ళవలసిన చోటు చెబుతుంది: పాడుబడ్డ పడవో, ఎండిన మడచెట్టో. వెళ్ళిందని ఆమె అన్నాకే గుడ్డ తీస్తారు. అందాకా ఆసుపత్రి సూది తగలకూడదు. పిట్ట ఉండగా సూది గుచ్చితే అది ప్రాణాన్ని కూడా ముక్కున కరుచుకుపోతుంది.

అలా పోయిన బిడ్డలను ఊరు చూసింది. ఇంట్లోనే ఉంచి ఉంచి, కొన ఊపిరితో అవతలి ఒడ్డు ఆసుపత్రికి చేర్చిన బిడ్డలు వాళ్ళు. సూది పడింది, కన్నుమూశారు. ఊరికి గుర్తున్నది సూదే.

కిదావా అవ్వ కూడా అదే నమ్మింది.

వరి పాలుపోసుకునే కాలం. ఊరంతా పొలాల్లో కొయ్యల మీద నిలబెట్టిన గుడిసెల్లో, పిట్టలు వాలకుండా కాపలా ఉంది. ఆ మధ్యాహ్నం కిదావా అవ్వ ఒడిసెల పట్టుకుని కూచుంది గానీ, విసరడానికి పొలం మీద ఒక్క పిట్టా లేదు. పొద్దున్నుంచీ లేదు. ఆమెకది నచ్చలేదు.

గట్టు మీద సోమొయే వస్తోంది. చేతుల్లో నల్లగుడ్డ మూట. వెనకాలే అత్తగారు మోజా.

అవ్వ కిందికి దిగి గట్టు మీద చాప పరిచింది. గుడ్డ అంచు ఎత్తి చూసింది. ఈమధ్యే నడక నేర్చిన సోమొయే బిడ్డ సివాతు. ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది.

"ఎప్పట్నుంచే కాలడం?"

"మొన్నట్నుంచి అవ్వా. నిన్న పాలు కూడా తాగలేదు."

"మరి నిన్న ఏం చేశారు?"

మోజా అందుకుంది. "నిన్న ఉత్త జ్వరమేగా అక్కా. జ్వరానికల్లా నీ దగ్గరికొస్తే ఊరంతా నీ గుడిసెలోనే కాపురం పెట్టాలి."

అవ్వ బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నోట్లోంచి నురగ చాప మీదికి కారింది.

"పళ్ళు బిగుసుకున్నాయి, వేలు పెట్టనా?" అంది మోజా.

"పెట్టు. రేపట్నుంచి తొమ్మిది వేళ్ళతో తిందువుగాని. తియ్యి చెయ్యి!"

కొట్టుకోవడం ఆగింది. అవ్వ ఎదురుచూసింది. ఊరికే దాటిపోయే పిట్ట అయితే బిడ్డ ఏడుస్తుంది, తల్లి కోసం తడుముకుంటుంది. సివాతు ఏడవలేదు. అవ్వ చెవి గిల్లింది. కాలి బొటనవేలి గోరు గట్టిగా నొక్కింది. కాలు వెనక్కి పోలేదు. రెప్ప ఎత్తి చూసింది. ఆ కన్ను ఎటో చూస్తోంది. ఊపిరి మాత్రం లోతుగా, బరువుగా, లోపల కూచున్న పెద్దవాళ్ళెవరో పీలుస్తున్నట్టు ఉంది.

ఈ ఊపిరి ఆమెకు తెలుసు. ఇలా పడుకున్న బిడ్డలకు పొద్దు గుంకేదాకా పొగ వేసింది. వాళ్ళలో ఒక్కరూ తిరిగి ఆమెను చూడలేదు.

గట్టు పక్కన పాయలో నీళ్ళు వెనక్కి తిరిగాయి. ఆటు మొదలైంది. బురద అంచులు బయటపడుతున్నాయి. కాసేపట్లో నీళ్ళు పోతే, మళ్ళీ పోటు వచ్చేదాకా పడవ కదలదు. పొగ, కడుగుడు అయ్యేసరికి సాయంత్రమవుతుంది.

"పొగ వెయ్యవేం అక్కా?" అంది మోజా.

సోమొయే కొరికిన పెదవి నెత్తురోడుతోంది.

అవ్వ తలెత్తింది. ఆకాశంలో ఏమీ లేదు. తల దించింది. చాప మీద నీడ ఉంది.

ఆమె నల్లగుడ్డ లాగేసింది.

"వెళ్ళిపోయింది."

"ఏం వెళ్ళిపోవడం?" మోజా అడ్డొచ్చింది. "పొగ లేదు, నీళ్ళు లేవు. ఎక్కడికి పంపావు?"

"నీకు కనిపిస్తుందా అది?"

"నాకెలా కనిపిస్తుంది?"

"అయితే నోరు మూసుకో. ఇప్పుడిది ఉత్త జ్వరం. దానికి సూదుంది." పాయ వైపు తిరిగి పడవ కుర్రాణ్ణి కేకేసింది. "ఒరే నసోరో! పడవ విప్పు!"

"నీళ్ళు లాగేస్తున్నాయి అవ్వా! బురదలో కూరుకుంటే?"

"కూరుకుంటే దిగి నెట్టు. పెళ్ళిళ్ళలో పళ్ళేలు ఖాళీ చేస్తావుగా, ఆ తిండంతా ఎటు పోయింది?"

తానే బిడ్డను మోసుకెళ్ళి పడవలో తల్లి ఒడిలో పక్కకు ఒరిగించింది. "ఇలాగే పట్టుకో. నోట్లో ఏమీ పొయ్యకు. తడిగుడ్డతో తుడుస్తూ ఉండు. మళ్ళీ కొట్టుకుంటే కొట్టుకోనీ, అదిమి పట్టకు. ఏడుపొస్తే ఏడువు. పిట్ట లేదుగా."

అప్పుడు సోమొయే ఏడ్చింది. ఆ ఏడుపు పాయ మలుపు తిరిగేదాకా వినిపించింది.

వెళ్ళిపోయిందన్న మాట అవ్వ అబద్ధంగా అనడం అదే మొదలు. ఎటు వెళ్ళాలో చెప్పకుండా పంపిన పిట్ట ఎటూ వెళ్ళదు. ఆమె గుడిసెలోకి ఎక్కి కూచుంది. పొలం మీద ఇంకా ఒక్క పిట్టా లేదు. గాలి లేదు. పైకప్పు గడ్డి ఒక్కచోట మెల్లగా కిందికి వంగింది. భుజం మీద దుమ్ము రాలింది. ఆమె తలెత్తలేదు.

మోజా గట్టు మీద ఇంకా నిలబడే ఉంది. ఆమె అవ్వను చూడడం లేదు. అవ్వ తలకు పైన చూస్తోంది.

"అక్కా, నీ గుడిసె మీద..."

"చూడకు. ఇంటికి పో."

మోజా వెనక్కి తిరగకుండా, వెనకడుగులు వేసుకుంటూనే పోయింది.

మర్నాడు పొద్దున పోటుతో నసోరో వచ్చాడు. దూరం నుంచే అరిచాడు. "బతికింది అవ్వా! తెల్లారేసరికి కళ్ళు తెరిచి నర్సమ్మ చెయ్యి కొరికింది. మీ దీవిలో పిల్లలకు తిండి పెట్టరా అని అడిగిందావిడ!"

కిదావా అవ్వ నవ్వలేదు. "అక్కడింకా ఎవరున్నారు?"

"గుమ్మం బయట ఇద్దరు తల్లులు. ఒళ్ళో నల్లగుడ్డలు. మొగుళ్ళు బతిమాలుతున్నారు, నర్సమ్మ తిడుతోంది. వాళ్ళు మాత్రం లోపలికి పోరు."

ఆమె చాప చుట్టి పడవెక్కింది.

అవతలి ఒడ్డున ఆసుపత్రి గుమ్మం పక్కనే చాప పరిచింది. ఆ తల్లుల దగ్గరికి వెళ్ళి ఒకరి తర్వాత ఒకరి ఒళ్ళోంచి నల్లగుడ్డ తీసేసింది. "వెళ్ళిపోయింది. లోపలికి పో తల్లీ, త్వరగా" అంది. వాళ్ళు ఆమె ముఖం చూశారు, లేచి లోపలికి పరిగెత్తారు.

కిదావా అవ్వ వచ్చి చాప మీద కూచుంది. ఒక పక్కకు జరిగింది. నీడ పడిన మిగతా చాపను ఖాళీగా వదిలింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళను ఎవరినీ ఆ వైపు కూచోనివ్వలేదు.