ఒక్కరితోనే మాట్లాడే మీటరు

మా వాటర్ ప్లాంట్‌లో ఆయన్ని అందరూ మీటర్ల బాబాయ్ అనేవాళ్లు. నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే మీటర్లన్నీ ముప్పయ్యేళ్లుగా ఆయన చేతిమీదే నడిచాయి. కంప్యూటర్లొచ్చాక, యాభై దాటిన వయసులో కూర్చుని ఆ విద్య కూడా నేర్చుకున్నాడు. నేను కంట్రోల్ రూమ్‌లో తెర ముందు కూర్చునే ఆపరేటర్ని. ఓపిక తక్కువ, నోరెక్కువ.

ఆ రోజు కొత్త మీటరు పెట్టారు. దాని అంకె నెట్‌వర్క్‌లోంచి నా తెర మీదకి రావాలి. మీటరు ముఖాన 0.6 అని చక్కగా కనిపిస్తోంది. నా తెర మీద మాత్రం ప్రశ్న గుర్తులే.

"నాలుగింటికల్లా రాకపోతే ఈ పని బయటి కంపెనీకిచ్చేస్తా. నువ్వు స్టోర్లో కూర్చుందువుగాని," అని మేనేజర్ బాబాయ్‌తో తేల్చేశాడు.

బాబాయ్ కేబుల్ మార్చాడు. నాచేత అడ్రస్ అంకె అంకె చదివించి సరిచూశాడు. మీటరు ఆపి మళ్లీ పెట్టాడు. తన లాప్‌టాప్ నుంచి పిలిస్తే పలుకుతోంది, అంకె అడిగితే మాత్రం ఇవ్వట్లేదు.

"పలుకుతుంది గానీ చెప్పదేంటమ్మా?"

"నన్నడిగితే? కొత్త పెళ్లికూతురేమో, సిగ్గు!"

మధ్యాహ్నం బాబాయ్ అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. "ఆ స్టోరు మూలన కూర్చోబెడితే నేను చచ్చినట్టేనమ్మా," అన్నాడు. నాకు జాలేసింది, విసుగూ వేసింది. "మీకు చేతకాదని ఒప్పేసుకోండి బాబాయ్, గొడవ వదుల్తుంది!" అని అరిచాను.

నాలుగైంది. మేనేజర్ వచ్చి తెర చూసి, తల విదిలించి వెళ్లబోయాడు. నేను షిఫ్ట్ దిగుతూ, తెర మీద తెరిచినవన్నీ ఒక్కొక్కటీ మూస్తున్నాను. చిట్టచివర, అన్నిటి వెనకాల, ఆ మీటరు తాలూకు టెస్ట్ ప్రోగ్రాం. కొత్తది కదా, చూద్దామని పొద్దున నేనే తెరిచి మరిచిపోయాను. మూశాను. తెర మీద 0.6 వచ్చింది.

ఆ మీటరు ఒకసారికి ఒక్కరితోనే మాట్లాడుతుంది. రోజంతా దాన్ని పట్టుకు కూర్చున్నది నేనే.

వెనక నిలబడ్డ బాబాయ్ అంతా చూశాడు.

"ఏమైంది?" అన్నాడు మేనేజర్, గుమ్మంలోంచి తిరిగొచ్చి.

"నేనే సార్. పొద్దున టెస్ట్ ప్రోగ్రాం తెరిచి మూయడం మరిచాను," అన్నాడు బాబాయ్.

"ముప్పయ్యేళ్ల అనుభవం ఇదా? రేపట్నుంచి స్టోరుకెళ్లు."

నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదని నాకూ బాబాయ్‌కీ తెలుసు. సిగ్గు లేకుండా సంచీ సర్దుకున్నాను.

మర్నాడు స్టోరు కిటికీ దగ్గరికెళ్లి "బాబాయ్," అన్నాను.

ఆయన తలెత్తలేదు. "సామానుకి చీటీ తెచ్చావా అమ్మా?" అన్నాడు.