చింతపండు పిప్పి, చచ్చిన బ్యాటరీలు

మా ఇంట్లో పులుసు పిండాక మిగిలిన చింతపండు పిప్పిని పారేయరు. అమ్మ దాన్ని పెరట్లో కుళాయి పక్కన గిన్నెలో ఉంచి, మర్నాడు ఇత్తడి సామాను తోముతుంది. చిలుమును వదలగొట్టే ఆ పులుపు చచ్చిన ఫోన్ బ్యాటరీల్లోని లోహాన్ని మాత్రం ఎందుకు లాగదూ అనిపించింది నాకు. చీపురుపల్లి దగ్గర బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. పళ్ళ తొక్కలతో అలా చేస్తున్నారని ఎక్కడో చదివాను కూడా. ఇంకేం, పిల్లలకు చూపించాలని ఒకటే ఉబలాటం.

రెండు పాత బ్యాటరీల్లోని నల్లపొడిని పిప్పిలో కలిపి, వేడి చేసి, మూడు రోజులు నానబెట్టాను. రసం గులాబీ రంగుకు తిరిగింది, అంటే బ్యాటరీలోని కోబాల్టు లోహం అందులోకి దిగిందన్నమాట. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. రసాన్ని సీసాలోకి వడగట్టి, పిప్పిని గిన్నెతో సహా కుళాయి దగ్గరే వదిలేశాను. సైన్సు మాస్టారినట! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అప్పటికి నాన్నకు కిడ్నీలు దెబ్బతిని ఏడాది. రోజుకి ఇన్నే నీళ్ళు అని డాక్టరు గీత గీశాడు. ఆ కాపలా నాది. ఆయన తన ఇత్తడి చెంబులోని నీళ్ళను గుక్క గుక్కగా పొదుపు చేసుకునేవాడు.

పిప్పి వదిలేసిన మర్నాడు పొద్దున్న ఆయన చేతిలో చెంబు తళతళలాడుతోంది.

"అమ్మా, సెంబు ఏటితోటి తోమినావు?"

"గిన్నిలో నువ్వెట్టిన పిప్పితోటే. నల్లగున్నాది గానీ పులుపు సావనేదు. పారీమంటావేటి?"

నాన్న అప్పుడే చెంబు ఎత్తాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెంబును చేత్తో ఒక్కటి కొట్టాను. చెంబు ఎగిరి గచ్చుమీద పడింది. నీళ్ళన్నీ నేలపాలు.

ఆయన తడిసిన లుంగీ కేసి, నా కేసి చూశాడు.

"ఒక్క గుక్క కదరా బాబూ. అది కూడా తాగనీవేటి?"

చెప్పబోయాను. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. నీళ్ళతో కడిగే ఉంటుంది, అయినా తన చేత్తో తోమిన చెంబు. ఆ పిప్పిలో బ్యాటరీల విషం ఉందని తెలిస్తే ఆవిడ ఆ రోజు నుంచి అన్నం ముట్టదు.

"డాక్టరుగారు వద్దన్నారు కదా నాన్నా" అని అబద్ధమాడాను. ఇత్తడి సామానంతా నేనే కూర్చుని నాలుగుసార్లు కడిగాను. ఆ తర్వాత చేయించిన రక్తపరీక్షలో కొత్తగా చెడిందేమీ లేదు. ఉన్న జబ్బు ఉన్నట్టే ఉంది.

నాన్న ఇంకో నాలుగు నెలలు బతికాడు. నన్ను మళ్ళీ నీళ్ళు అడగలేదు. దాహమేస్తే, నేను గుమ్మం దాటేదాకా ఆగి అమ్మనడిగేవాడు.