ఓడ మీద పిట్టకు పెట్టాను

దయ్యాలంటే నాకు నవ్వు. కామారెడ్డి దగ్గర మా ఊళ్ళో శ్మశానం గోడకు ఆనుకుని కూర్చుని బీడీలు చుట్టినదాన్ని. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది కానీ, కళ్ళతో చూసింది మాత్రం మరిచిపోను. చూసింది చూసినట్టే చెబుతాను, కలిపేది లేదు.

మా ఆయన ఎడిన్‌బర్గ్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంట చేసేవాడు. 2016 చలికాలం చివర్లో గుండె ఆగి పోయాడు. పొద్దున మంచిగా టీ తాగి షిఫ్ట్‌కు పోయిన మనిషి. ఏమీ చెప్పుకోలేదు, ఏమీ అడగలేదు.

మా వైపు పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పిట్టకు పెడతాం. పిట్ట అంటే కాకి. కాకి ముట్టాకే ఇంట్లోవాళ్ళు తింటారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరే వచ్చి, ఫలానాది మేం చూసుకుంటాం, నువ్వు తిను అని మాటిస్తారు.

మా ఫ్లాట్ వెనకాల పెట్టాను. కాకి రాలేదు. సీగల్స్ వచ్చి మటన్ ముక్కలతో సహా ఎత్తుకుపోయాయి.

"సీగల్ గూడ పిట్టనే గద ఆంటీ" అంది పక్క ఫ్లాట్‌లో ఉండి మాస్టర్స్ చదువుతున్న అమ్మాయి.

"అందరి చేతుల చిప్సు గుంజుకపోయే దొంగది బిడ్డా అది. దాన్ని లెక్కల పట్టొద్దు" అన్నాను.

అందరూ నవ్వారు. చివరికి పొద్దుగూకాక ఏదో తిన్నారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే, ఆయన ఆకలితో పోయాడేమో అనిపించేది. ముట్టేదాకా పెడతానని గట్టిగా అనుకున్నాను.

ఆ వేసవికి ఆయన ఓడ ప్రయాణం బుక్ చేసి ఉంచాడు. స్కాట్లాండ్ పైకొసన దీవుల చుట్టూ తిరిగే చిన్న ఓడ. పఫిన్ పిట్టలు, సీళ్ళు, డాల్ఫిన్లు చూపిస్తారు. ఇన్నేళ్ళూ వంటింటి పొగలో నిలబడి, ఫోన్‌లో ఆ ఫొటోలు చూసి మురిసేవాడు. ఆయన బదులు మా బిడ్డ లావణ్య వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది.

నా బ్యాగులో స్టీలు డబ్బాలు చూసి తల పట్టుకుంది. "ఓ మమ్, యూ డిడ్‌న్ట్!"

"తెచ్చిన. మీ బాపు ఏడికన్న వస్తే ఈడికే వస్తడు."

వేయించిన మటన్, పులిహోర. పులిహోరలో కరివేపాకు దండిగా వేశాను. అది లేకపోతే ఆయన ఒప్పుకోడు, ఉంటే తినడు. ఒక్కొక్క ఆకే ఏరి ప్లేటు ఎడమ అంచున వరసగా పెట్టేవాడు. "మేకకు దాస్తున్నవా?" అని ఎగతాళి చేసేదాన్ని.

ఓడ మీద పక్షులకు తిండి పెట్టొద్దని బోర్డు ఉంది. పిట్టల గురించి చెప్పే గైడమ్మకు లావణ్యతో నా సంగతి చెప్పించాను. మొదట కుదరదంది. నేను ఆమె ముందు నుంచి కదలలేదు. చివరికి, ప్లేటు పక్కనే కూర్చోవాలి, సీగల్స్ వస్తే తీసేయాలి అని ఒప్పుకుంది. నేల ఇంత దూరంలో ఉంటే కాకి రాదని కూడా మెల్లగా చెప్పింది.

మధ్యాహ్నం పూట. మంచి ఎండ. ఎటు చూసినా నీళ్ళే. జనమంతా ఓడకు అటువైపు చేరి పఫిన్లను చూస్తున్నారు, ముక్కుకు పసుపూ కుంకుమా పూసుకున్నట్టుండే బుజ్జి పిట్టలు. ఇటువైపు నేనూ, నా బిడ్డా.

ప్లేటు పెట్టి మాటిచ్చాను. "పిల్లను చదివిస్త. ఊళ్ళె ఉన్న నీ తమ్ముణ్ణి ఇడిసిపెట్ట. ఏడుసుకుంట కూసోను."

ఏదీ రాలేదు. ఇంకేం మిగిలిందయ్యా నీకు, అని అడిగాను.

లావణ్య నా చెయ్యి పట్టుకుంది. నీళ్ళవైపు చూస్తూ, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని అంది. "బాపూ... అమ్మను నేను చూసుకుంట. నువ్వు తిను."

కాకి రెయిలింగ్ మీద ఉంది. ఎటునుంచి వచ్చిందో ఇద్దరం చూడలేదు. ఒళ్ళు బూడిద రంగు, తలా రెక్కలూ నలుపు. ప్లేటు దగ్గరికి దిగింది. వెంటనే తినలేదు. పులిహోరలోంచి కరివేపాకు ముక్కుతో ఒక్కొక్కటే తీసి, ఎడమ అంచున వరసగా పెట్టింది. పైకి కనబడే ఆకులన్నీ అయ్యాకే మెతుకు ముట్టింది.

లావణ్య గోళ్ళు నా చేతిలో దిగాయి.

గైడమ్మ కూడా చూసింది. దాన్ని హుడెడ్ క్రో అంటారట, దీవుల్లో ఉంటాయట, దారి తప్పి ఉంటుందంది. ఆకు వాసన పడలేదేమో అంది. కావచ్చు. పిట్టల సంగతి నాకంటే ఆమెకే తెలుసు. మరి వరసగా ఎందుకు పెట్టిందో అడగమన్నాను. లావణ్య అడిగింది. ఆమె ఫోన్ తీసి ఆ ఆకుల వరసను ఫొటో తీసుకుంది.

ఇన్నేళ్ళయినా నాకూ తెలియదు. దయ్యమనీ అనను, దేవుడనీ అనను. కాకి ముట్టింది.

అది ఎగిరిపోయాక డబ్బాలో మిగిలిన పులిహోర ముందు పెట్టుకుని, నేనూ నా బిడ్డా కడుపునిండా తిన్నాం.