నిశ్శబ్దం అక్కర్లేని చదువు

ఆటిజం ఉన్న కూతురి విషయంలో బడివాళ్లు చేతులెత్తేశాక, ఇంట్లోనే చదువు చెప్పాలని ఆ దర్జీ తీర్మానించుకుంది. ఏ పాఠాలు కొనాలో చెప్పడానికి మాత్రం ప్రతివాళ్లూ గురువులే. టీచరైన ఆడపడుచు ఓ ఖరీదైన పాఠ్యపుస్తకాల సెట్టు మోసుకొచ్చింది. తన క్లాసులో గుసగుసలాడినా పిల్లల్ని బయటికి గెంటే మనిషి ఆవిడ. మొదటి పేజీ గట్టిగా చదివింది: "నిశ్శబ్దమైన గదిలో, కదలకుండా కూర్చోబెట్టాలి."

"అయితే మాకొద్దు వదినా," అంది దర్జీ, దిండు గలీబు కుడుతూనే.

"పేజీ అయినా తిప్పకుండానే? అంత పొగరా?"

కుట్టుమిషను పక్కనే, నేలమీద బోర్లా పడుకుని పిల్ల పైకి చదువుతోంది. దర్జీ ఎంచుకున్న పుస్తకం అది. ఎలా కూర్చోవాలో అందులో ఎక్కడా రాయలేదు.

ఆడపడుచుకు ఒళ్లు మండింది. "ముందు ఆ మిషను రొద ఆపమ్మా, మాట్లాడుకుందాం."

దర్జీ కాలు తీసింది. మిషను ఆగింది. పిల్ల గొంతూ ఆగింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. దర్జీ మళ్లీ తొక్కింది. పిల్ల ఆగిన మాట దగ్గరే అందుకుంది.

"అది కాదు, నా మాట..." అంటూ మొదలెట్టింది ఆడపడుచు.

"మాట్లాడాలంటే బయటికి వెళ్లండి వదినా. ఇక్కడ బడి నడుస్తోంది."