బీబీఏకి గిరాకీ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నరసరావుపేట నుంచి పల్నాడులోనే మరో ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు నన్ను బదిలీ చేశారు. హోదా వాణిజ్యశాస్త్ర లెక్చరర్, బీబీఏ విభాగాధిపతి. విభాగంలో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి నాకు నేనే అధిపతిని. చెప్పాల్సిన సబ్జెక్టు మేనేజీరియల్ ఎకనామిక్స్. ధర, గిరాకీ, పోటీ చూసుకుని వ్యాపారంలో నిర్ణయాలు తీసుకోవడం ఎలాగో నేర్పే శాస్త్రం.

అయితే జూన్‌లో మా పని పాఠం చెప్పడం కాదు, పాఠం వినేవాళ్లను వెతకడం. కనీస సంఖ్య చేరకపోతే కోర్సు ఎత్తేస్తారు. అందుకని కరపత్రాలు పట్టుకుని నకరికల్లు నుంచి గురజాల దాకా ఎండలో ఇంటింటికీ తిరిగాను. ముప్ఫై ఏళ్లు గిరాకీ సూత్రం బోధించినవాణ్ణి, నా సరుక్కే గిరాకీ లేదని వీధిలో తెలుసుకున్నాను. ఒక రైతు నన్ను ఎగాదిగా చూసి, "ఏంది సారూ, గవర్నమెంటు జీతం చాలట్లేదా? ఇదేదో అమ్ముకుంటన్నావ్?" అని జాలిపడ్డాడు కూడా.

గురజాలలో బైకులు బాగుచేసే మస్తాన్ కూతురు రేష్మా మాత్రం తనంతట తానే వచ్చింది. వాళ్ల షాపు ఎదురుగా కొత్త షాపు పెట్టారట. "రేటు తగ్గించాలా వద్దా అని మా నాన్న రోజూ తల పట్టుకుంటన్నాడు సార్. అది చెప్పే చదువు ఇదేనంట గదా?" అంది. ఈ సబ్జెక్టు ఎందుకో తెలిసి చేరతానన్న మనిషిని నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం. పైగా కనీస సంఖ్యకు ఆ ఒక్కరే తక్కువ. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

ప్రవేశాలన్నీ ఆన్‌లైన్‌లోనే. ఏ కళాశాల కావాలో వరుసగా ఎంచుకోవడాన్ని వెబ్ ఆప్షన్లు అంటారు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొడితేనే వాటిని పెట్టడానికైనా, మార్చడానికైనా వీలవుతుంది. తీరా రేష్మా ఖాతా తెరిచి చూస్తే ఆప్షన్లు అప్పటికే పెట్టేసి ఉన్నాయి. మొదటి స్థానంలో ఎక్కడో దూరాన ఉన్న ఒక ప్రైవేటు కళాశాల ఉంది. రెండో స్థానం అనేదే లేదు. ఆ కళాశాల తాలూకు మనిషెవరో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మస్తాన్ చెప్పేశాడు.

"గవర్నమెంటోళ్లేమో అనుకున్నా సార్. చానా మర్యాదగా మాట్లాడారు" అన్నాడు. అంత మర్యాద చూసైనా గవర్నమెంటు కాదని పోల్చుకోవలసింది. కూతుర్ని హాస్టల్లో ఉంచి చదివించే తాహతు ఆయనకు లేదు. ఆ సీటే ఖాయమైతే పిల్ల చదువు ఇంటర్‌తో సరి.

అదృష్టవశాత్తూ ఆప్షన్లు మార్చుకునే గడువు మిగిలే ఉంది. ఇద్దరినీ కళాశాల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఓటీపీ వచ్చింది. ఫోన్ ఇలా ఇవ్వమ్మా, నేను కొట్టేస్తానని చెయ్యి చాచాను.

రేష్మా ఫోన్ వెనక్కి లాక్కుంది. "వద్దు సార్. ఈసారి నేనే కొట్టుకుంటా." మానిటర్ కూడా తనవైపు తిప్పుకుంది. "ఏందే, సార్‌కి గూడా చూపియ్యవా?" అని మస్తాన్ కసిరినా వినలేదు.

సీట్ల జాబితా వచ్చేదాకా ఆమె ఏం పెట్టిందో నాకు తెలియదు. అన్నాళ్లూ నాకు అన్నం సయించలేదు. చివరికి ఆమె పేరు మా బీబీఏ కిందే కనపడింది. కోర్సు నిలబడింది. మస్తాన్ రేటు తగ్గించాడా అంటారా? సిలబస్ ఆ పాఠం దాకా వచ్చేసరికి ఎదుటి షాపే ఎత్తేశారు.

ఆ ఏడాది పోటీ మార్కెట్ పాఠాన్ని పుస్తకం తెరవకుండా చెప్పాను. కొనేవాడి ఓటీపీ కూడా అమ్మేవాడే కొట్టే చోట ఉన్నది పోటీ కాదు. కొనేవాడు ఏం ఎంచుకున్నాడో తెలియక అమ్మేవాడు బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, అది పోటీ.