ఓడ కాగితం మీద పసుపు

మొన్న సాయంత్రం మా ఎదురింటి అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. ఇంట్లోంచే ఎక్కడో విదేశంలో ఉన్న కంపెనీకి బొమ్మలు గీసి పంపుతుందట, పొద్దున్న పంపిన దానికి సాయంత్రానికల్లా డాలర్లు రూపాయలై ఖాతాలో పడిపోయాయట. నేను బ్యాంకులో చేసి రిటైరైనదాన్ని కదా, రేటు సరిగ్గానే కట్టారో లేదో చూడమంది. చూశాను, సరిగ్గానే ఉంది. "మీ రోజుల్లో ఎన్నాళ్ళు పట్టేదండీ?" అని అడిగితే మూడు వారాలని చెప్పి పంపేశాను. కొన్నిసార్లు అసలు వచ్చేదే కాదని చెప్పబుద్ధి కాలేదు.

రాజమండ్రిలో మా బ్యాంకు విదేశీ మారకం సెక్షన్లో నేను చేరేనాటికి టెలెక్స్ యంత్రం ఉండేది, పొద్దున్నే అది టకటకా కొట్టిన రేట్లని నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయడం నా పని. మా నాన్న తమ్ముడు, బాబాయి, నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళకి దారమిచ్చి, వాళ్ళు అల్లిన లేసు పోగుచేసి పెద్ద ఎగుమతిదారుకి చేర్చేవారు. పనిమీద రాజమండ్రి వచ్చినప్పుడల్లా నా దగ్గరికొచ్చి ఆ బల్లకేసి చూస్తూ, ఒకే డాలరుకి రెండు రేట్లేంటని దెప్పేవారు. బ్యాంకు కొనే రేటొకటి, అమ్మే రేటొకటి, మధ్యలోది బ్యాంకు లాభమని చెబితే, "అయితే మా ఊరి కొబ్బరికాయల షావుకారికీ మీకూ తేడా ఏంటమ్మాయ్?" అని నవ్వేవారు.

జీవితమంతా మధ్యవర్తిగానే ఉండిపోవడం ఇష్టంలేక, ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాయగా రాయగా, చివరికి సముద్రం అవతలి ఒక దుకాణందారు దగ్గర్నుంచి బల్లగుడ్డలకి నేరుగా ఆర్డరు తెచ్చుకున్నారు బాబాయి. ఆ దుకాణందారు తరఫున అతని బ్యాంకు ఎల్.సి. పంపింది. అంటే, ఫలానా తేదీలోగా సరుకు ఓడ ఎక్కినట్టు కాగితాలు చూపిస్తే డబ్బు మేమిస్తామని ఆ బ్యాంకు పూచీ. అది సరుకు నాణ్యం చూడదు, కాగితాలే చూస్తుంది, కామా తేడా వచ్చినా ఒప్పుకోదు. ఇదంతా బాబాయికి విడమరిచి చెప్పింది నేనే. డబ్బొచ్చేలోగా డాలరు పడిపోతుందేమోనని ఆయన బెంగపడుతుంటే, రాబోయే డాలర్లని ఇవాళే ఒక రేటుకి బ్యాంకుకి అమ్ముతానని ఒప్పందం రాసుకోవచ్చని చెప్పి, సంతకం పెట్టించిందీ నేనే.

సరుకు గడువులోపే విశాఖపట్నంలో ఓడ ఎక్కింది. కాగితాలు బాబాయి ఇంటికొచ్చాయి. శుభలేఖైనా కొత్త పద్దుపుస్తకమైనా నాలుగు మూలలా పసుపు పెట్టందే గడప దాటించే అలవాటు మన ఇళ్ళల్లో లేదు కదా, మా పిన్ని తడిపసుపు కలిపి ఓడ కంపెనీ ఇచ్చిన కాగితానికి కూడా భక్తిగా నాలుగు మూలలా పెట్టింది. కుడివైపు కింద మూలనే ఓడ ఎక్కిన తేదీ ముద్ర ఉంది. తడికి సిరా అలుక్కుపోయి, పదమూడో పద్దెనిమిదో తెలియకుండా పోయింది. ఓడ ఎక్కించడానికి ఎల్.సి. ఇచ్చిన గడువు పదిహేను.

నేను చూశాను. చూడలేదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను కానీ, బాబాయి ఆ కాగితాలు మా బ్యాంకుకి తెచ్చిన రోజే చూశాను. కాగితాలు దాఖలు చేయడానికి ఇంకా అయిదు రోజుల గడువుంది, విశాఖపట్నం వెళ్ళి కొత్త ముద్ర వేయించుకు రావడానికి రెండు రోజులు చాలు. కానీ బాబాయి ఆఫీసంతా తిరిగి కాజాలు పంచుతూ, "మా అన్నయ్యగారి అమ్మాయండి, అన్నీ తనే చూసుకుంటుందండి" అని చెప్పుకుంటున్నారు. ఆ సంబరంలో ఉన్న మనిషికి, పిన్ని పెట్టిన పసుపు తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అదృష్టం బాగుంటే అవతలివాళ్ళు పట్టించుకోరులే అనుకుని, అన్నీ సక్రమమని టిక్కు పెట్టేశాను.

మూడు వారాలకి అవతలి బ్యాంకు నుంచి టెలెక్స్ వచ్చింది, తేదీ కనబడటం లేదు, చెల్లించం అని. ఈలోగా ఆ దుకాణందారుకి ఇంకెక్కడో మిషన్ లేసు చవగ్గా దొరికిందని తరవాత తెలిసింది, అతనికి కావలసింది ఒక సాకు, అది మేం పసుపు పెట్టి మరీ ఇచ్చాం. గడువు దాటిపోయింది కనక దిద్దుకునే దారి లేదు. సరుకు అక్కడే అయినకాడికి అమ్ముడైపోయింది. ఇది చాలదన్నట్టు డాలరు పెరిగింది. ఇస్తానన్న డాలర్లు బాబాయి ఇవ్వలేకపోయారు కనక, బ్యాంకు వాటిని పెరిగిన రేటుకి బయట కొని, ఆ తేడా ఆయన్నే కట్టమంది. "డాలరు పెరిగితే మనకి లాభమన్నావు కదమ్మా, మరి ఎదురు కట్టమంటారేంటి?" అని ఆయన అడిగితే, ఆయన ముఖంకేసి చూడకుండా రూలు చదివి వినిపించాను. కొబ్బరితోట అమ్మి, ముందు అల్లిన ఆడవాళ్ళ కూలీ ఇచ్చి, ఆ తరవాత బ్యాంకుకి కట్టారు. మళ్ళీ పాత ఎగుమతిదారు గుమ్మంలోనే సంచీ పట్టుకుని నిలబడ్డారు.

పిన్నిని ఎవరూ ఒక్క మాటనలేదు. అననక్కర్లేకపోయింది, తనే అనుకుంది. నా పెళ్ళికి శుభలేఖలొచ్చినప్పుడు అమ్మ పసుపుగిన్నె అందిస్తే, "నా చెయ్యి మంచిది కాదక్కయ్యా, నువ్వే పెట్టు" అని వెనక్కి జరిగింది. నేనక్కడే ఉన్నాను. ఉద్యోగం పోతుందన్న భయం అప్పటికింకా ఉంది, అంతకన్నా చెడ్డపేరు వస్తుందన్న భయం ఎక్కువ. నోరు విప్పలేదు. బాబాయి పోయారు, తరవాత పిన్నీ పోయింది. డబ్బు రాబట్టడానికి మా అన్నయ్యగారి అమ్మాయి ఎంతో పాటుపడిందని బాబాయి చివరిదాకా అందరికీ చెప్పేవారు.

నా తోటి రిటైరైనవాళ్ళు కలిసినప్పుడల్లా ఒకటే గోల పెడతారు, ఇప్పుడంతా యంత్రాలే, ఒక్క అక్షరం తేడా వస్తే మొహం కూడా చూడకుండా తిప్పికొడతాయి, మన రోజుల్లో మనుషులం కనక మొహమాటాలుండేవి, సర్దుకుపోయేవాళ్ళం అని. నేను వాళ్ళతో గొంతు కలపలేను. ఆ రోజు నా కుర్చీలో ఆ మొహమాటం లేని యంత్రమే ఉండి ఉంటే, తేదీ కనబడటం లేదని కాగితం అక్కడికక్కడే వెనక్కిచ్చేసేది. బాబాయి నాలుగు తిట్లు తిట్టుకుంటూ విశాఖపట్నం బస్సెక్కేవారు. నా పెళ్ళి శుభలేఖలకి మా పిన్నే పసుపు పెట్టేది.