లోపలా బయటా కీలు

ఈ ఉదయం మా వీధిలో తారు వేస్తున్నారు. వైట్‌ఫీల్డులో మేముండే ఈ సందుకు రోడ్డు వేయడం నేను వచ్చాక ఇదే మొదటిసారి. వాసన తట్టుకోలేక ఎదురింటివాళ్ళు కిటికీలన్నీ మూసుకున్నారు. నేను మా వంటింటి కిటికీ బార్లా తెరిచి నిలబడ్డాను. కాగుతున్న తారు వాసన ముక్కుకు తగలగానే నా నోట్లో చాక్లెట్ రుచి ఊరింది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఇందులో నవ్వడానికేముందని అడిగే మనిషి ఒకే ఒకరు ఉండేవారు. కిందటి వానాకాలంలో ఆవిడ ప్రభువునందు నిద్రించారు.

సుగుణమ్మ ఆంటీది మా కింది ఇల్లు. నర్సు ఉద్యోగానికి గుంటూరు నుంచి బెంగళూరు వచ్చిన నేను, పెళ్ళయి, చంటిబిడ్డతో ఈ ఇంట్లో దిగిన రోజు మొదట తలుపు తట్టింది ఆవిడే. తాతల కాలం నుంచీ వాళ్ళది ఈ ఊరే. ఆవిడ తెలుగులో రాయలసీమ యాస, మధ్యమధ్య కన్నడ కలగలిసి ఉండేవి. మా సంఘంలో ఆదివారం పిల్లలకు బైబిలు కథలు చెప్పేవారు. శనివారాలు ఆ పిల్లల పుట్టినరోజులకే కేకులు చేసేవారు. ఆవిడ దృష్టిలో ఆ రెండూ ఒకటే పరిచర్య. నా పేరు మార్త అని చెప్పగానే, “ఇంకేమి, వంటింట్లోకే రా. మరియ అయ్యుంటే ముందుగదిలో కూర్చోబెట్టేదాన్ని” అన్నారు. బైబిల్లో యేసు ఇంటికొచ్చినప్పుడు మార్త వంటపనిలో ఉంటే, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుంది కదా.

ఆ వంటింట్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఒక మాట. కేకు పలకలు రెండు బల్లమీద ఆరుతున్నాయి. ఆంటీ చాక్లెట్ క్రీము గిన్నె నా చేతికిచ్చి, “కీలు పూయి” అన్నారు. అల్మరా తలుపు కీలు అప్పటికే కిర్రుమంటోంది. దానికి నూనె బదులు క్రీము పెట్టడమేమిటో అర్థం కాకపోయినా, పెద్దావిడ చెప్పారు కదా అని చెంచా పట్టుకుని అటు నడిచాను. ఆంటీ గోడకు ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

“ఏమప్పా, గుంటూరోళ్ళు ఆదికాండం చదవరా? ఓడకు లోపలా బయటా కీలు పూయమని దేవుడు నోవహుకు చెప్పలేదా? కీలంటే తారు!”

“చదివానాంటీ. అది ఏ కీలో ఎప్పుడూ ఆలోచించలేదు.”

“చదివితే చాలదు, పూయాల” అని పలకల మధ్య ఎలా పూయాలో చూపించారు. బయట పూత అందరూ శ్రద్ధగా పూస్తారు, అది కనబడుతుంది గనక. రెండు పలకల నడుమ, ఎవరూ చూడనిచోట, అంచుదాకా పూయకపోతే మాత్రం మధ్యాహ్నానికల్లా పై పలక జారిపోతుంది. ఆవిడ భక్తి కూడా అలాగే ఉండేది. ఆరాధనలో మా అందరి గొంతులూ లేస్తుంటే ఆవిడ గొంతు వినబడేదే కాదు. కానీ గుడ్లు గిలకొడుతూ మా వార్డులో రోగుల పేర్లు ఒక్కొక్కటిగా అడిగేవారు. వారం తర్వాత ఆ పేర్లు నేను మరిచిపోయేదాన్ని, ఆవిడ మరిచేవారు కాదు.

మా ఆయన సామ్యేలు సరుకు ఓడలో, ఇంజను గదిలో పని చేస్తారు. వెళితే నెలల తరబడి రారు. మా కెజియా ఆరో పుట్టినరోజుకు తప్పకుండా వస్తానని మాటిచ్చారు. ఆయన స్థానంలో రావలసిన మనిషి రాలేదు. ఓడ దిగడానికి కుదరలేదు. ఫోనులో ఆ సంగతి చెబుతుండగానే కెజియా తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టి, “నాన్న అబద్ధికుడు” అంది. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు ఫోను చేసినా మంచం కిందికి దూరేది. అటువైపు ఆయన పిలుస్తూనే ఉండేవారు, “కెజ్జీ, ఒక్కసారమ్మా” అని. నేను ప్రార్థన చేశాను, బుజ్జగించాను, ఒకసారి కోప్పడ్డాను కూడా. ఏదీ పనిచేయలేదు. ఆ చిన్న గుండెలో తండ్రికి చోటు మూసుకుపోతుందేమోనని నా భయం. దూరంలో పెరిగిన మౌనం తర్వాత దగ్గరికొచ్చినా కరగదని నేను కొన్ని ఇళ్ళలో చూశాను.

ఆంటీ వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చున్నారు. “ఏం కేకు కావాల తల్లీ?”

మంచం కిందనుంచి జవాబొచ్చింది. “ఓడ.”

“అంతేనా! ఓడ నాకు బాగా వచ్చు” అన్నారు ఆంటీ.

పుట్టినరోజు ఉదయం కొళాయిలో చుక్క రాలేదు. వేసవిలో మా వీధికి మామూలే. వీధి చివర ట్యాంకరు కోసం బిందెలు వరసగా పెట్టి వచ్చి మేం పనిలోకి దిగాం. “నీళ్ళు లేనిచోట ఓడ కట్టినందుకు నోవహును అందరూ నవ్వినారు. ఈ బెంగుళూరులో మనల్నీ నవ్వనీ” అన్నారు ఆంటీ. పొడవాటి కేకులు రెండు ఒకదానిపై ఒకటి పేర్చి, మధ్యన కీలు పూసి, పళ్ళున్న కత్తితో రెండు చివరలూ వంపుగా చెక్కారు. రాలిన ముక్కలు పారేయకుండా క్రీముతో పిసికి ముక్కు కట్టారు. బిస్కెట్లతో పైకప్పు, పక్కన తలుపు, ఓడెక్కిన జంతువులకు గుర్తుగా పంచదార ముద్దతో ఒక జిరాఫీ. దాని మెడ మూడుసార్లు వాలింది. “సుమ్నే, ఊరికే నిలబడప్పా!” అని దాన్ని గదిమారు.

కెజియా వచ్చి చూసింది. “ఇది నోవహు ఓడ. నాన్న ఓడ కాదు.”

ఆంటీ కత్తి పక్కన పెట్టారు. మెల్లగా ముక్కాలిపీట మీద కూర్చున్నారు. “నిజమే కదా! ఇన్నేండ్లుగా నాకు ఓడంటే ఒకటే ఓడ. సముద్రం కూడా నేను చూసుండలేదు. మీ నాయన ఓడ ఎట్లుండాది? నువ్వే చెప్పు.”

“నాకూ తెలీదు.”

“మరి ఎవరికి తెలుసు?”

కెజియా జిరాఫీ వైపు ఒకసారి చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి చెయ్యి చాచింది. నేను ఫోనిచ్చాను. దేవుని కృప, ఆ రోజు ఆయన ఓడ రేవులో ఉంది. తెరమీద తండ్రి ముఖం కనిపించగానే పలకరింపు కూడా లేకుండా అడిగింది. “నాన్నా, నీ ఓడలో నీ కిటికీ ఎక్కడ?”

ఆయన వెంటనే లేచారు. ఫోను పట్టుకుని ఓడమీద నడుస్తూ ఒక్కొక్కటే చూపించారు. వెనకవైపు తెల్లటి మేడ, పొగగొట్టం, గుండ్రటి చిన్న కిటికీ. ఇటు ఆంటీ బిస్కెట్ పైకప్పు తీసి వెనకవైపు మేడగా నిలబెట్టారు. కిటికీకి ఒక చాక్లెట్ బిళ్ళ అద్దారు. “జిరాఫీని తీసేద్దామా?” అని అడిగితే కెజియా తల అడ్డంగా ఊపింది.

“సరుకు ఓడలో జిరాఫీ ఎందుకమ్మా?” అన్నారు ఆయన.

“నీకు తోడుకి” అంది కెజియా. అప్పుడు ఆయన ఏడ్చారు. అది చూసి కెజియా, “ఏడవకు నాన్నా, నీ కిటికీ ముక్క ఎవ్వరికీ ఇవ్వను” అంది.

సాయంత్రం సంఘం పిల్లలు వచ్చారు. కోసేముందు ఆంటీ చేసిన ప్రార్థన ఒకే వాక్యం. “ప్రభువా, సామ్యేలు ఉండే ఓడకు లోపలా బయటా నువ్వే కీలు పూయి.” కిటికీ ముక్క ఆవిడ ఫ్రిజ్‌లో గడ్డకట్టి నెలలపాటు ఉంది. ఆయన వచ్చాక దాన్ని కరకర నమిలి, ఇంత మంచి కేకు తినలేదన్నారు. ఆ మాట మాత్రం అబద్ధమేనని మేం నలుగురం ఒప్పుకున్నాం.

ఆవిడకు ఆ ఓడ సంగతి నిజంగానే తెలియదా, లేక బిడ్డ నోరు తెరిపించడానికి తెలియనట్టు చేశారా అని చాలా రోజులు ఆలోచించాను. ఒకసారి అడిగాను కూడా. “నాకేం తెలుసప్పా? ఆయనకు తెలుసు” అని పైకి చూపించారు. పైన మా ఇల్లుంది, అప్పుడు సామ్యేలు సెలవులో ఇంట్లోనే ఉన్నారు. దేవుణ్ణి చూపించారో, సామ్యేలునో నాకు తేలలేదు.

ఇప్పుడు కింది ఇంట్లో వేరేవాళ్ళున్నారు. శనివారం మెట్లు దిగేటప్పుడు వెన్న వాసన కోసం నా అడుగు ఇప్పటికీ ఆ గుమ్మం దగ్గర తడబడుతుంది. పునరుత్థానమందు ఆవిడను చూస్తానని నమ్ముతాను. ఆ నమ్మకం లోపలా పూసి ఉంది, బయటా పూసి ఉంది. అయినా ఎక్కడినుంచో తడి వస్తూనే ఉంటుంది. వార్డులో రోగుల పేర్లు ఇప్పుడు నేనే గుర్తుపెట్టుకుంటున్నాను. ఎవరూ వినకుండా ఒక్కొక్కటే దేవునికి చెబుతాను. ఆమెన్ అనడానికి కింద ఎవరూ లేరు.

వెనక గదిలో కెజియా గొంతు వినబడింది. పిల్ల ఇప్పుడు నా ఎత్తుకు వచ్చింది. సముద్రం మీదున్న తండ్రితో ఫోనులో మాట్లాడుతోంది.

“ఇంకేం లేదు నాన్నా, మన వీధికి కీలు పూస్తున్నారు.”

అటునుంచి ఆయన నవ్వు, ఆ వెంటనే ప్రశ్న. “లోపలా, బయటా?”